చిట్టీ చూసేదెవరు?

తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ ఫోన్ చేసింది. “మీ బాపుకు ఒళ్లంత చెమటలు పడుతున్నయి బిడ్డా. పిలుస్తుంటే నా దిక్కే చూస్తుండు గని పలుకుతలేడు.”

నేను హైదరాబాద్‌లో, వాళ్లిద్దరూ మెదక్ జిల్లా అల్లాదుర్గ్‌లో. షుగర్ చూసే మిషన్ తీయమన్నాను. వణికే చేతులతో వేలికి సూది గుచ్చి అంకె చదివింది. 48. గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి మెల్లగా తాగించమన్నాను. బాపు గుటక వేయగలుగుతున్నాడు కాబట్టి ఆ మాట చెప్పగలిగాను. స్పృహ తప్పిన మనిషి నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకూడదు. పక్కింటివాళ్ల కారులో జోగిపేట దవాఖానకు చేరేసరికి ఆయనకు మాట వచ్చింది. “ఏమైందని తోల్కొచ్చిన్రు నన్ను” అంటూ అందరి మీదా కోపం చేస్తున్నాడట.

డ్యూటీ డాక్టర్ వాడుతున్న మందులన్నీ చూపించమన్నాడు. అమ్మ గోలీల డబ్బా కొంగులో కట్టుకుని పోయింది. అందులో గ్లిమిపిరైడ్ స్ట్రిప్ మీద 2 అని ఉంది. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కొంచెం పెరిగిందని, సంగారెడ్డి డాక్టర్ రెండు నెలల కిందటే దాన్ని 1 చేశాడు. మారిన చిట్టీ ఇంట్లోనే, గోడకు తగిలించిన క్యాలెండర్ వెనక భద్రంగా ఉంది. గోలీ మాత్రం పాతదే వచ్చింది. పంపింది నేను. ఫోన్‌లో మందుల యాప్ తెరిచి ‘మళ్లీ ఆర్డర్’ అన్న చోట వేలు పెట్టాను. ఐదు నెలల కింద ఎక్కించిన పాత చిట్టీ ఫొటో వాళ్ల దగ్గర ఉంది, దాన్నే తీసుకున్నారు. ఒక అమ్మాయి ఫోన్ చేసి “ఇవే మందులు కదా సార్, కన్ఫర్మ్ చేస్తారా?” అంది. ఆఫీసు మెట్లు దిగుతూ సరే అన్నాను. మూడో రోజు అట్టపెట్టె అల్లాదుర్గ్ చేరింది.

గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. మనిషి తిన్నా తినకపోయినా వదిలిస్తూనే ఉంటుంది. వయసు పైబడినవాళ్లలో, కిడ్నీలు నెమ్మదించినవాళ్లలో ఆ పని గంటల తరబడి సాగుతుంది. ఆ రాత్రి బాపు కడుపు ఉబ్బరంగా ఉందని సగం రొట్టె తిని పడుకున్నాడు. చక్కెర నీళ్లతో లేచి కూర్చున్నా దవాఖానలో ఒక రోజంతా పెట్టుకుని చూశారు, షుగర్ మళ్లీ పడిపోయే ప్రమాదం ఉంటుందని. నేనూ హైదరాబాద్ నుంచి చేరుకుని, ఆ రోజంతా మంచం పక్కన కూర్చుని ఆ ‘సరే’ గురించే ఆలోచించాను. డబ్బు కట్టాను, చిట్టీ ఇచ్చాను, ఫోన్ ఎత్తాను. ఇంతమంది చేతులు మారిన గోలీని ఒక్కరూ చూడలేదు.

దుకాణాయన అడిగే ప్రశ్న

యాప్ రాకముందు బాపు మందులు తెచ్చుకునే తీరు నాకు బాగా తెలుసు. అయిపోయిన ఖాళీ స్ట్రిప్ అంగీ జేబులో పెట్టుకుని, సాయంత్రం రోడ్డు మీది మెడికల్‌కు నడిచిపోయేవాడు. దుకాణాయన ఆ స్ట్రిప్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, “కాకా, మొన్న సంగారెడ్డి పోయినవు గద, ఏమన్నడు సాబ్?” అని అడిగేవాడు. బాపు చెప్పేవాడు. అరికాళ్ల మంటలు, నిద్ర పట్టకపోవడం, అమ్మ మోకాళ్లు, అన్నీ. ఒక్కోసారి అర్ధగంట పట్టేది. దాన్ని ముచ్చట అనుకునేవాడిని నేను. ‘ఏమన్నడు సాబ్’ అన్న ఆ ఒక్క ప్రశ్న ఆ నెల ఎవరైనా అడిగి ఉంటే, 2 నంబర్ గోలీ మా ఇంట్లోకి వచ్చేది కాదు.

అలాగని దుకాణాలన్నీ ఇలా ఉంటాయని చెప్పను. గోడకు వేలాడే ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్ మీద గోలీలు కత్తిరించే చెయ్యి ఇంకొకరిది అయిన చోట్లు మన రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలు. జ్వరం అనగానే చిట్టీ లేకుండా మూడు రోజుల అజిత్రోమైసిన్ చేతిలో పెట్టే దుకాణాలు ప్రతి మండల కేంద్రంలో ఉన్నాయి. ఆన్‌లైన్ వచ్చి ఏదో పవిత్రమైన ఏర్పాటును చెడగొట్టిందని అనడం అబద్ధం. కాకపోతే ఎదురుగా ఉన్న మనిషిని నిలదీయవచ్చు. ఆయనకు మన ముఖం గుర్తుంటుంది.

పైగా ఈ పార్సిళ్లు అల్లాదుర్గ్ లాంటి ఊళ్లకు చేసే మేలు చిన్నది కాదు. ఊరు నాందేడ్-అకోలా హైవే మీద ఉంది. హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. బీపీ, షుగర్‌కు వాడే మామూలు గోలీలు ఊళ్లోనే దొరుకుతాయి. కీళ్లవాతానికి వాడే మందు, ఫిట్స్‌కు వాడే ఫలానా కంపెనీ గోలీ, కీమో తర్వాత ఇంట్లో మింగే క్యాన్సర్ మాత్ర కావాలంటే సంగారెడ్డికో నగరానికో పోవాలి. చిల్వేర్ నుంచో ముస్లాపూర్ నుంచో వచ్చే కూలి మనిషికి ఆ ప్రయాణమంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ, మధ్యాహ్నం హోటల్ భోజనం. ఇంకో సంగతి కూడా ఉంది. మనసు బాగాలేక మందు వాడే ఆడపిల్ల ఊళ్లో దుకాణం మెట్లెక్కలేదు. ఎక్కితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, సంబంధాలు చూసేవాళ్ల దాకా పోతుంది. ఆ పిల్లకు పేరు తప్ప ఏమీ కనిపించని అట్టపెట్టె రక్ష. దాన్ని లాగేసుకోవాలని నేను అనలేను.

ధర సంగతీ చెప్పాలి. ధరల నియంత్రణ కిందికి వచ్చే మందుల మీద రిటైల్ దుకాణానికి 2013 ఉత్తర్వు ప్రకారం మార్జిన్ 16 శాతం. యాప్‌లు 20 శాతం తగ్గింపు అని పెద్దక్షరాలతో రాస్తాయి. మా మెదక్ ప్రాంతంలోని చిన్న దుకాణం ఆ తగ్గింపు ఇస్తే తన చేతి నుంచే పెట్టాలి. వెనక కోట్ల పెట్టుబడి ఉన్నవాళ్లు ఆ నష్టాన్ని ఏళ్ల తరబడి భరించగలరు. 2020 ఆగస్టులో రిలయన్స్ 620 కోట్ల రూపాయలు పెట్టి నెట్‌మెడ్స్ మాతృసంస్థలో మెజారిటీ వాటా తీసుకుంది. మరుసటి ఏడాది జూన్‌లో 1ఎంజీ టాటాల చేతికి వచ్చింది. నెలకు రెండు వేల మందులు కొనే ఇంటికి నాలుగు వందలు మిగిలితే ఎవరు కాదంటారు? మేమూ అందుకే మొదలుపెట్టాం.

మందులు పుట్టిన నేల

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఈ మందులు ఎక్కడి నుంచో వచ్చేవి కావు. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చుకున్న అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం, గడ్డపోతారం పారిశ్రామిక వాడలన్నీ 2016లో జిల్లాలు విడిపోయే దాకా మన మెదక్ జిల్లావే. ప్రపంచానికి చవక మందు ఇచ్చిన నేల ఇది. ఆ చవక వెల మనమూ కట్టాం. పటాన్‌చెరులో వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి చోట యాంటిబయాటిక్ గోలీ చిట్టీ లేకుండా దొరకడం, అది దుకాణంలోనైనా ఫోన్‌లోనైనా, ఊళ్లో ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం. మందుకు లొంగని సూక్ష్మజీవి కొనుక్కున్నవాడి ఒంట్లోనే ఉండిపోదు.

ఒక్కసారికే చెల్లే కాగితం

చిట్టీ గురించి చట్టం ఏమంటుందో బాపు దవాఖానలో ఉన్న రోజునే చదివాను. అంతకుముందు చదవలేదని ఒప్పుకోవాలి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద 1945లో వచ్చిన నియమాల్లో 65వది కీలకం. డాక్టర్ ‘ఇన్నిసార్లు ఇవ్వవచ్చు’ అని దాని మీద రాస్తే తప్ప చిట్టీ ఒక్కసారికే చెల్లుతుంది. చిట్టీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు రాసి ఉంటే, ‘అదే మందు, వేరే కంపెనీది’ అని దుకాణదారు మార్చి ఇవ్వడానికి వీల్లేదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. గట్టి యాంటిబయాటిక్స్, టీబీ మందులు, అలవాటు పడే నిద్ర మందులు కలిపి మొత్తం 46 అందులో చేర్చారు. వీటిని అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. స్ట్రిప్ వెనక ఎర్ర గీత, పక్కన ఆర్ఎక్స్ గుర్తు కనిపిస్తే అది డాక్టర్ చెప్పకుండా మింగకూడని గోలీ అని అర్థం. మా అమ్మకు అంకెలు తప్ప చదువు రాదు, ఎర్ర గీత మాత్రం ఇప్పుడు గుర్తుపడుతుంది.

ఈ నియమాలన్నీ నాలుగు గోడల దుకాణాన్ని చూసి రాసినవి. ఇంటర్నెట్ దుకాణానికి వేరే నియమాలు కావాలని కేంద్రం 2018 ఆగస్టు 28న జీఎస్ఆర్ 817 అనే ముసాయిదా తెచ్చింది. కేంద్ర అధికారి దగ్గర మూడేళ్లకు రిజిస్ట్రేషన్, 50 వేల రుసుము, మత్తు మందులు, నిద్ర మందులు అమ్మకూడదన్న షరతు అందులో ఉన్నాయి. దేశంలోని మందుల దుకాణాల సంఘం ఆ సెప్టెంబరు 28న బంద్ చేసింది. డిసెంబరు 12న, జహీర్ అహ్మద్ అనే చర్మవ్యాధుల డాక్టర్ వేసిన పిటిషన్ మీద ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేకుండా ఆన్‌లైన్‌లో మందులు అమ్మడాన్ని ఆపమంది. స్విగ్గీ అన్నం వండదు, చేరవేస్తుంది, మేమూ అంతేనని కంపెనీలు కోర్టులో వాదించాయి. అన్నం రుచి తగ్గితే రేపు ఇంకో హోటల్ నుంచి తెప్పించుకుంటాం. బాపు గోలీకి ఆ పోలిక ఎలా కుదురుతుందో నాకు బోధపడదు. ఆ ముసాయిదా ముసాయిదాగానే మిగిలింది, అమ్మకాలు మాత్రం పెరుగుతూ పోయాయి.

మధ్యలో కరోనా వచ్చింది. 2020 మార్చి 26న కేంద్రం, లైసెన్సు ఉన్న దుకాణాలు మందులు ఇంటికి చేర్చవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. దాని షరతులు చదివితే నాకు మా ఇల్లే కనిపించింది. దుకాణం ఉన్న జిల్లా, లేదా దాని పక్క జిల్లాలకే పంపాలి. ఇ-మెయిల్‌లో వచ్చిన చిట్టీ, దీర్ఘకాలిక జబ్బుదైతే 30 రోజుల లోపుది అయి ఉండాలి, అప్పటికప్పుడు వచ్చిన జబ్బుదైతే 7 రోజుల లోపుది. నార్కోటిక్ మందులు, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్లవి ఈ దారిలో పంపకూడదు. మేం పంపిన ఫొటోకు ఐదు నెలలు. దాన్ని ఎవరైనా తేదీ చూసి వెనక్కి కొట్టి ఉంటే నేను ఆ రోజు చిరాకు పడేవాడిని. ఇంకో యాప్‌కు పోయేవాడిని కూడా. అంత తేలిగ్గా ఇంకో చోటికి పోగలగడమే ఇందులో ఉన్న ప్రమాదం. కొనేవాడి తొందర, అమ్మేవాడి పోటీ రెండూ చిట్టీ మీది తేదీని చూడనివ్వవు. అందుకే అది ఇద్దరి ఇష్టానికి వదిలేసే పని కాదు, నియమం గట్టిగా ఉండాలి, ఉన్న నియమాన్ని చూసే అధికారి ఉండాలి.

దోమలగూడ నుంచి అమెరికా దాకా

ఆ నియమం లేనప్పుడు వ్యాపారం ఎక్కడి దాకా పోతుందో మన నగరంలోనే చూశాం. 2022 మే నెలలో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో హైదరాబాద్ దోమలగూడలో ఒక ఇంటర్నెట్ మందుల వ్యాపారాన్ని పట్టుకుంది. అక్కడ కూర్చున్న ఉద్యోగులు ఇంటర్నెట్ ఫోన్లలో, మెయిళ్లలో అమెరికా కొనుగోలుదార్లను పలకరించి, డాక్టర్ చిట్టీ లేనిదే ఇవ్వకూడని నొప్పి మందులు, నిద్ర మందులు అమ్మేవారు. సోదాల్లో 3.71 కోట్ల నగదు దొరికింది. ఫోన్ చేసేవాళ్లు మన పిల్లలే, ఏదో డిగ్రీ చదివి ఉద్యోగం దొరికిందని ఇంట్లో చెప్పుకున్నవాళ్లు. ఆ తంతు అవతలి కొసన ఏముంటుందో అమెరికాకు ముందే తెలుసు. కాలిఫోర్నియాలో రయన్ హైట్ అనే 18 ఏళ్ల కుర్రాడు ఒక్కసారి కూడా తనను చూడని డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు ఇంటర్నెట్‌లో తెప్పించుకుని 2001లో చనిపోయాడు. డాక్టర్ కనీసం ఒకసారైనా రోగిని ఎదురుగా చూడాలంటూ 2008లో వచ్చిన చట్టానికి ఆ అబ్బాయి పేరే పెట్టారు.

నిద్రగోలీ అంటే ఏమిటో మన పల్లెలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్ చిట్టీ మందులే. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ వాళ్లు కల్తీ కల్లును ఒక్కసారిగా కట్టడి చేస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది ఫిట్స్‌తో, లేనివి కనిపిస్తున్నాయని అరుస్తూ దవాఖానల పాలయ్యారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల నిండిపోయింది. ఏళ్ల తరబడి ఒంటికి అలవాటైన మందు హఠాత్తుగా ఆగితే మెదడు తట్టుకోలేదు. ఏ గోలీని ఎలా మొదలుపెట్టాలో చెప్పే డాక్టర్, ఎలా తగ్గించి ఆపాలో కూడా చెబుతాడు. చిట్టీ లేకుండా తెప్పించుకున్నవాడికి ఆ రెండో మాట ఎవరూ చెప్పరు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు నార్కోటిక్ చట్టం కిందికి వచ్చే మత్తు మందులను, షెడ్యూల్ ఎక్స్ మందులను ఫోన్ మీద రాయకూడదని చెప్పడం వెనక ఇదే భయం ఉంది.

నకిలీ సరుకు భయం కూడా చాలామందికి ఉంది. అది యాప్‌లకే పరిమితమైన జబ్బు కాదు. 2023 డిసెంబరులో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అధికారులు మచ్చబొల్లారంలో 4.35 కోట్ల విలువైన నకిలీ క్యాన్సర్ మందులు పట్టుకున్నారు. 2024లో హిమాచల్ చిరునామాతో అసలు లేనే లేని కంపెనీ పేరు వేసి అమ్మిన యాంటిబయాటిక్ గోలీల్లో సుద్దపొడి తేలింది. అవి మామూలు దుకాణాల్లోకి చేరినవే. అనుమానం వస్తే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969కు చెప్పవచ్చు. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్ కెమెరా పెడితే కంపెనీ, బ్యాచ్ నంబర్, గడువు కనిపించాలి, స్ట్రిప్ మీద ఉన్నవాటితో కలవాలి. పార్సిల్‌తో వచ్చే బిల్లును నేను ఇదివరకు చించి పారేసేవాడిని. ఇప్పుడు దాని మీద పంపిన దుకాణం పేరు, డ్రగ్ లైసెన్సు నంబర్, ఫార్మసిస్టు సంతకం ఉన్నాయా అని చూస్తాను. చిరునామా లేని వెబ్‌సైటు, చిట్టీ అడగని వెబ్‌సైటు ఎంత తక్కువకు ఇచ్చినా దాని జోలికి పోను. ఇన్సులిన్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించడం మానేశాం. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు. మే నెల ఎండలో డెలివరీ పిల్లగాడు బస్టాండు దగ్గర బండి ఆపి “అన్నా, ఇల్లెక్కడ” అని ఫోన్ చేసేలోగా ఆ డబ్బాలో మంచు సంచి నీళ్లయి ఉంటుంది. బాపుకు ఇన్సులిన్ ఇంకా అవసరం పడలేదు, పక్కింటి పెద్దమ్మకు పడింది. ఆమెది సంగారెడ్డి నుంచి ఎవరు వస్తుంటే వాళ్ల చేతికి చెప్పి, థర్మాస్‌లో తెప్పిస్తున్నాం.

బాపు షుగర్ గోలీలు మళ్లీ రోడ్డు మీది మెడికల్‌లోనే తెచ్చుకుంటున్నాడు. అమ్మ కీళ్లవాతం మందు మాత్రం పార్సిల్‌లోనే రావాలి, ఊళ్లో ఉండదు. అది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారి మింగాల్సిన మందు. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోయిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. దానితో పాటు రాసే ఫోలిక్ యాసిడ్ కూడా మా ఇంట్లో అలాంటి పసుపుపచ్చ చిన్న గోలీయే.

పోయిన నెల పార్సిల్ వచ్చినప్పుడు నేను ఊళ్లో ఉన్నాను. బాపు పెట్టె విప్పలేదు. చంకలో పెట్టుకుని, చిట్టీ జేబులో వేసుకుని దుకాణానికి బయల్దేరాడు. నాకు సిగ్గనిపించింది. ఆయన దగ్గర కొనని మందును ఆయనకే చూపించడం ఏమిటని. దుకాణాయన కత్తెరతో టేపు కోశాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని ముందు చిట్టీ మీద తేదీ చూశాడు, తర్వాత స్ట్రిప్ మీద పేరు, మిల్లీగ్రాములు, గడువు. పెదాలు కదిలిస్తూ ఒక్కొక్కటే చదివాడు. వెనక ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. డ్రాయర్‌లోంచి మార్కర్ తీసి ఒక స్ట్రిప్ మీద అడ్డంగా ‘ఆదివారం ఒక్కటే’ అని పెద్దగా రాశాడు. అమ్మకు చదువు రాదని గుర్తొచ్చి, ఆ రాత కింద సూర్యుడి బొమ్మ గీశాడు. “చిన్నమ్మకు చెప్పు కాకా, సూర్యుడున్న గోలీ ఆదివారం నాడే” అన్నాడు. రెండో స్ట్రిప్ ఖాళీగా వదిలి, రెండిటికీ వేర్వేరు రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టెలో పెట్టి ఇచ్చాడు. డబ్బులు ఎంత అని బాపు అడగలేదు, ఆయనా చెప్పలేదు. తర్వాతి గిరాకీ వైపు చెయ్యి చాపి, “చిట్టీ తెచ్చినవా?” అన్నాడు.